పాత మెరీనాకి వ్యాన్ టైర్లు వేయించొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది కాశీబుగ్గ, చిన్న జీడిపప్పు వ్యాపారం. నాన్నగారు కొన్న 2007 మోడల్ ఇండిగో మెరీనా డీజిల్ కారు ఇంకా నేనే నడుపుతున్నాను. వెనక సీటు మడిస్తే పది కిలోల పప్పు డబ్బాలు 36 పడతాయి. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం, నెలకి రెండుసార్లు విజయనగరం వెళ్లి షాపులకి వేసి వస్తాను. కూడా ఒక కుర్రాడు ఉంటాడు. ఆరు నెలల్లో వెనక టైర్లు రెండూ సైడు ఉబ్బాయి. ఒకటి మార్చాను, రెండోది ఇంకా బండికే ఉంది. గాలి నాలుగు చక్రాలకీ 30 పెట్టిస్తాను, నెలకోసారి చూపిస్తాను. టైరు షాపతను 165 ఆర్14 ఎల్టీ, 8 ప్లై టైర్లు వేయమంటున్నాడు. "ఎల్టీ ఏసెయ్ బావూ, మరింక సూసుకోనక్కర్నేదు" అని అతని మాట. ఇప్పుడున్నవి 175/65 ఆర్14. వెనక రెండూ మారిస్తే చాలా, నాలుగూ మార్చాలా? లోడు వేస్తే బండి వెనక బాగా కూర్చుంటోంది, ఈ టైర్లతో అదీ సర్దుకుంటుందా? దసరా సీజన్ దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: వద్దండి. ఆ సైజు ఎల్టీ టైర్లు మీ మెరీనాకి వెనక రెండూ వద్దు, నాలుగూ వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, కానీ దానికంటే ముందు ఒక మాట. ఉబ్బిన టైరు ఇంకా బండికే ఉంది అని రాశారు చూడండి, ఉత్తరం మొత్తం చదివేశాక కూడా నా మనసు అక్కడే ఆగిపోయింది. ముందు దాన్ని విప్పించి స్టెప్నీ వేయించండి. టైరు సైడు ఉబ్బిందంటే లోపలున్న దారాలు తెగిపోయాయని అర్థం. పైన కనపడే రబ్బరుకి గాలిని ఆపే బలం ఉండదు, ఆ బలమంతా లోపలి దారాలది. అవి తెగిన చోట గాలి రబ్బరుని బయటికి తోస్తుంది, అదే ఆ ఉబ్బు. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు. అది రేపు పేలుతుందా, నెలకి పేలుతుందా ఎవరూ చెప్పలేరు, కానీ పేలేటప్పుడు మాత్రం లోడు మీద, వేడి మీద, హైవే మీద వేగంగా ఉన్నప్పుడే పేలుతుంది.

నేను విజయనగరంలో ఇరవై ఏళ్లుగా టైర్లు, అలైన్‌మెంట్ పని చేస్తున్నాను. ఉబ్బిన టైరు వచ్చిందంటే ముందు దాన్ని రిమ్ము నుంచి ఊడదీసి, లోపలి వైపు అరచేత్తో చుట్టూ తడుముతాను. మీరు కూడా ఆ మార్చేసిన టైరు ఇంకా ఇంట్లో ఉంటే అలా తడిమి చూడండి. ఉబ్బు ఉన్న చోటికి సరిగ్గా లోపల వేలికి ఒక సన్నటి గీతలాగా, నలిగిన మడతలాగా తగులుతుంది. గుంత అంచుకి చక్రం కొట్టుకున్నప్పుడు టైరు సైడు ఆ అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగిపోతుంది, రోట్లో పెట్టి దంచినట్టు. దారాలు అక్కడ తెగుతాయి. ఇక లోపల చుట్టూ నల్లటి పొడి రాలుతూ, సైడు రబ్బరు గరుగ్గా, వెలిసినట్టు ఉంటే అది వేరే కథ. గాలి తక్కువతో, బరువు ఎక్కువతో చాలా కాలం నడిచిన టైరు అది. మీ టైర్లలో రెండు గుర్తులూ ఉంటాయనే నా అనుమానం, ఎందుకంటే మీరు రాసిన 30 అనే అంకెలోనే సగం జవాబు ఉంది.

బరువు మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. మీ 175/65 ఆర్14 టైరు సైడు మీద సైజు పక్కనే చిన్నగా 82టీ అని ఉంటుంది, చూడండి. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోల దాకా మోస్తుందని, టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. ఆ స్పీడు సంగతి మనకి అక్కర్లేదు, వదిలేయండి. 475 మాత్రం ముఖ్యం. అయితే ఆ 475 ఊరికే రాదు, లోపల 36 పీఎస్ఐ గాలి ఉంటేనే వస్తుంది. గాలి తగ్గితే మోసే బరువూ తగ్గుతుంది. 30 పెడితే ఆ టైరు మోయగలిగేది సుమారు 410 కిలోలే. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న టైరులోంచి చక్రానికి 65 కిలోల బలం మీ చేతులతో మీరే తీసేశారు, అదీ లోడు వేసే రోజున. పైగా నెలకోసారి చూపిస్తే ఈ మధ్యలో రెండు, మూడు పీఎస్ఐ పోయే ఉంటుంది.

ఇప్పుడు ఎల్టీ సంగతి. ఎల్టీ అంటే చిన్న సరుకు బళ్లకి చేసిన టైరు. బయటి దేశాల్లో ఇలాంటి వాటికే సైజు చివర ఇంగ్లీషు అక్షరం సీ వేస్తారు. 8 ప్లై అంటే లోపల ఎనిమిది పొరలున్నాయని కాదు. ఆ రోజుల్లో నూలు పొరలతో చేసినప్పటి లెక్క అది, ఇప్పుడు బలం ఎంతో చెప్పడానికి ఆ అంకె వాడుతున్నారంతే. 165 ఆర్14 ఎల్టీ 8 ప్లై టైరు ఒక్కోటీ 700 కిలోల పైనే మోస్తుంది, అబద్ధం కాదు. షాపతను చూపించింది ఆ అంకే అయి ఉంటుంది. కానీ ఆ 700 ఎంత గాలికి? 65 పీఎస్ఐకి. అదే టైరులో మీరు అలవాటుగా 30 పెట్టారనుకోండి, అది 400 కిలోలు కూడా మోయదు. అంటే ఇప్పుడున్న కారు టైరు కన్నా తక్కువ! టైరు సైడు గట్టిగా ఉండటం వల్ల పైకి కూర్చున్నట్టు కనపడదు, చూసినవాళ్లు "ఎంత స్ట్రాంగుగా ఉందో" అనుకుంటారు, లోపల మాత్రం వేడెక్కి వేడెక్కి పాడైపోతూ ఉంటుంది. "మరింక సూసుకోనక్కర్నేదు" అన్నాడే, అది నాకు చాలా బాధ కలిగించిన మాట. ఎల్టీ వేసినవాడే గాలి ఎక్కువసార్లు చూసుకోవాలి.

పోనీ 65 పెట్టేద్దాం అంటారా? కారు రిమ్ముని అంత గాలికి చేయలేదండి. ట్యూబ్‌లెస్ రిమ్ముకి వేసే మామూలు రబ్బరు వాల్వ్ కూడా 65 దాకానే. పద్దెనిమిదేళ్లు దాటిన ఇనుప రిమ్ము, అంచులు ఎన్నిసార్లు గుంతల్లో వంగాయో, ఎన్నిసార్లు సుత్తితో సరిచేశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అలాంటి రిమ్ము మీద లారీ గాలి పెట్టే పని నేనైతే చేయను.

ఇక సైజు. దీన్ని షాపతను ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. మీ 175/65 ఆర్14 చక్రం నిలువు ఎత్తు సుమారు 58 సెంటీమీటర్లు. 165 ఆర్14 ఎల్టీ అయితే 62 దాటుతుంది. మధ్యలో 65 అనే అంకె లేదు కదా, అది లేని సైజుల్లో టైరు సైడు ఎత్తు వెడల్పులో దాదాపు 80 శాతం పైన ఉంటుంది, మీదాంట్లో 65 శాతమే. వెడల్పు సెంటీమీటరు తగ్గినా చక్రం నాలుగు సెంటీమీటర్లు పెద్దదైపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది, షాపు ముందు ఒక రౌండు వేసి "సరిపోయింది కదా" అనిపిస్తుంది. 36 డబ్బాలు ఎక్కాక బండి వెనక కూర్చుంటుందని మీరే రాశారు. అప్పుడు చక్రానికీ మడ్‌గార్డ్ లోపలి అంచుకీ మధ్య ఉన్న సందు మూసుకుపోయి, గతుకు వచ్చిన ప్రతిసారీ రేకు అంచు టైరుని గీకుతుంది. నాలుగూ వేస్తే ముందు చక్రాలు స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు కూడా రాసుకునే ప్రమాదం ఉంది. స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది, మీటరులో 80 ఉంటే బండి నిజానికి 85 మీద ఉంటుంది. చక్రం పెద్దదైతే దాన్ని ఆపడానికి బ్రేకుకి కూడా కష్టం పెరుగుతుంది. ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగితే చెప్పుకోవడానికి మీ దగ్గర సమాధానం కూడా ఉండదు.

వెనక రెండే వేస్తే అంటారా, అది ఇంకా చెడ్డది. ముందు పట్టు ఎక్కువ, వెనక పట్టు తక్కువ ఉన్న బండి తడి రోడ్డు మీద వెనక నుంచి తిరిగిపోతుంది, మామూలు డ్రైవర్ దాన్ని సరిచేయలేడు.

ఈ పట్టు గురించి నా కళ్లతో చూసింది ఒకటి చెప్తాను. మా పెద్దనాన్నగారబ్బాయి బుడితి నుంచి ఇత్తడి సామాను తెచ్చి విజయనగరంలో అమ్మేవాడు, పాత సెడాన్ కారులోనే. ఇత్తడి బరువు తెలిసిందే కదా, వెనక టైర్లు నిలవట్లేదని నాలుగూ ఎల్టీలు వేయించాడు, నా దగ్గర కాదు. గాలి 50 పెట్టాడు. లోడుతో వచ్చేటప్పుడు బాగానే ఉందనేవాడు. ఒకసారి అక్టోబరులో, వాన వెలిసిన సాయంత్రం, ఖాళీ బండితో నరసన్నపేట వైపు వెళ్తున్నాం, నేను పక్క సీట్లో ఉన్నాను. మడపాం టోల్‌గేటు దగ్గర లారీలు లైను కట్టి ఉన్నాయి. అన్నయ్య దూరం నుంచే బ్రేకు తొక్కాడు, వేగం కూడా పెద్దగా లేదు, అరవై లోపే. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. నీళ్ల మీద పళ్లెం జారినట్టు అలా జారుతూ వెళ్లి లారీ వెనక బంపరుకి రెండు బారల దూరంలో నిలబడింది. దిగి టైర్లు చూశాం, కొత్తవే, బటన్లు నిండుగా ఉన్నాయి. అరుగుదల తక్కువ ఉండాలని ఆ టైర్లకి గట్టి రబ్బరు వాడతారు. గట్టి రబ్బరు తడి తారుని మెత్తటి రబ్బరులాగా పట్టుకోలేదు. ఖాళీ బండి, 50 గాలి, టైరు మధ్య పట్టీ మాత్రమే రోడ్డుకి ఆనుతోంది. సరుకు బండి టైరు బరువు ఉన్నప్పుడు పనిచేసేలా చేసింది, ఖాళీ కారు కింద దానికి చేసే పనే లేదు. మీరు వెళ్లేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. సగం కిలోమీటర్లు మీవి అలాంటివే. పైగా మీ సీజన్ అంతా దసరా, సిరిమానోత్సవం, దీపావళి, అంటే మన జిల్లాల్లో వాయుగుండాల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది, ఆ నెలలో రోడ్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎల్టీ టైర్లు చెడ్డవని నేను అనట్లేదు, అవి ఉండాల్సిన బండి వేరు. టాటా ఏస్ చూడండి, దానికి 145 ఆర్12 ఎల్టీ టైర్లు ఉంటాయి, మీ కారు చక్రం కన్నా చిన్నవి, అయినా 750 కిలోలు మోస్తుంది. ఆ టైర్ల మీద కమాను కట్టలు ఉన్నాయి, లోడుకి తగ్గ ఇరుసు ఉంది, అన్నీ ఆ బరువుకే లెక్క కట్టి చేశారు. మీ మెరీనాకి కాయిల్ స్ప్రింగులు, ఐదుగురు మనుషులు, వాళ్ల సామాను అన్న లెక్క. టైరు ఒక్కదాన్నే గట్టిపరిస్తే మీ బండి మోసే బరువు ఒక్క కిలో కూడా పెరగదు. ఇన్నాళ్లూ గుంత దెబ్బలో కొంత టైరు తినేసేది, అంచేత టైరు ఉబ్బింది. రేపు టైరు తినకపోతే ఆ దెబ్బ రిమ్ముకి, బేరింగుకి, షాకప్స్‌కి, స్ప్రింగు కూర్చునే రేకుకి వెళ్తుంది. పాత కారులో ఆ రేకు తుప్పు పట్టి విరిగితే టైరు ఖర్చు గుర్తు కూడా రాదు.

ఇప్పుడు మీ లోడు లెక్క చూద్దాం. 36 డబ్బాలు, డబ్బా బరువుతో కలిపి 11 కిలోలు వేసుకున్నా 396. మీరూ కుర్రాడూ కలిపి ఓ 130 అనుకుందాం. మొత్తం 526. ఐదుగురు మనుషులు ఒక్కొక్కరు 75 చొప్పున 375, దానికి డిక్కీలో ఓ 50 కిలోల సామాను కలిపినా 425. అంటే బండి చేసినవాళ్లు అనుకున్న దానికన్నా మీరు నూరు కిలోల దాకా ఎక్కువ వేస్తున్నారు, అందులో డబ్బాలన్నీ వెనక చక్రాల మీదే. వెనక కూర్చోకుండా ఎలా ఉంటుంది?

కానీ ఇది కాగితం మీద లెక్క. నిజం తెలియాలంటే కాటాకి వెళ్లండి. లారీలు తూచే వేబ్రిడ్జి ఏదైనా సరే, అంత పెద్ద కాటా చిన్న కారు బరువుని పది, ఇరవై కిలోల అటూ ఇటూగా చూపిస్తుంది, మన పనికి అది చాలు. మామూలుగా లోడు వేసుకునే రోజునే, డబ్బాలు ఎలా సర్దుతారో అలాగే సర్ది, మీరూ కుర్రాడూ కూర్చుని వెళ్లండి. మూడుసార్లు తూయించండి: మొత్తం బండి కాటా మీద, తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, ఆ తర్వాత ముందు చక్రాలు దాటించి వెనక చక్రాలు మాత్రమే. వెనక చక్రాల బరువుని రెండుతో భాగిస్తే ఒక్కో టైరు మీద పడేది తెలుస్తుంది. ఉదాహరణకి వెనక 880 వచ్చిందనుకోండి, టైరుకి 440. మీ 82 నంబరు టైరు 36 గాలితో 475 మోస్తుంది కాబట్టి గట్టెక్కుతారు, 30 గాలితో 410 కాబట్టి మునుగుతారు. అదే టైరు, అదే లోడు, తేడా ఆరు పీఎస్ఐ! మొత్తం బరువుని మాత్రం బానెట్ కింద రివిట్ కొట్టిన ప్లేటు మీద ఉన్న మొత్తం బరువు అంకెతో పోల్చండి, అక్కడ చెరిగిపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో చూడండి. ఆ అంకె దాటితే టైరు ఏదైనా సరే, డబ్బాలు తగ్గించాల్సిందే.

టైరు కొనేటప్పుడు అదే 175/65 ఆర్14 తీసుకోండి. దొరికితే 86 నంబరుది, ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్నది అడగండి. ఎక్స్‌ఎల్ అంటే కారు టైరే, కాకపోతే 42 గాలితో 530 కిలోల దాకా మోసేలా చేసింది. మీకు కావాల్సిన గట్టిదనం ఈ దారిలో వస్తుంది, సైజు మారదు, తడి రోడ్డు మీద పట్టు పోదు. మీ దగ్గర దొరక్కపోతే శ్రీకాకుళంలోనో విశాఖలోనో తెప్పించమనండి, రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. అదీ దొరక్కపోతే మామూలు 82 చాలు, గాలి సరిగా ఉంటే. మీ సైజులోనే, సీ అక్షరంతో చిన్న డెలివరీ వ్యాన్ల టైరు కూడా ఉంది, 90 నంబరుది, బయటి దేశాల్లో వాడతారు. సైజు ఇబ్బంది దానికి లేదు కానీ మిగతా ఇబ్బందులన్నీ ఉంటాయి: 600 కిలోలు మోయాలంటే 54 గాలి కావాలి, 33 పెడితే 400 దగ్గర ఆగిపోతుంది. అందుకే అది ఎవరైనా తెచ్చిస్తామన్నా మీకు నేను చెప్పను.

కొనే ముందు టైరు సైడు మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. సెకండ్ హ్యాండ్ వద్దు, రీబటన్ అసలే వద్దు. వెనక రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, కొత్తవి వేయండి. ఈ ఆరు నెలల్లో మీరు కొత్తగా వేయించిన ఆ ఒక్క టైరు బాగుంటే దానికి జతగా అలాంటిదే తీసుకుంటే సరిపోతుంది. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించడం మర్చిపోకండి, రిమ్ము లోపలి అంచు ఎక్కడైనా వంగిందేమో తిప్పి చూడమనండి.

గాలి ఎంత పెట్టాలంటే, పుస్తకంలో ఫుల్ లోడుకి వేరే అంకె ఉంటుంది, అది పెట్టండి. పుస్తకం దొరక్కపోతే 82 నంబరు టైర్లకి లోడు రోజున వెనక 36, ముందు 33తో మొదలుపెట్టండి. తర్వాత ఒక చిన్న పరీక్ష. సుద్దముక్క తీసుకుని వెనక టైరు మీద ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డంగా రెండు అంగుళాల పట్టీ గీయండి. లోడుతోనే నేరుగా ఓ అరకిలోమీటరు నడిపి దిగి చూడండి. సుద్ద అంతటా సమానంగా చెరిగితే గాలి సరిపోయింది. అంచుల్లో చెరిగి మధ్యలో తెల్లగా మిగిలితే గాలి తక్కువ, మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే ఎక్కువ. దీనికి ఏ మెషీనూ అక్కర్లేదు, మా నాన్న నాకు నేర్పిన మొదటి పని ఇదే. గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నడిచి వచ్చాక నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది సహజం, ఎక్కువుందని గాలి తీసేస్తే మర్నాటికి మళ్లీ తక్కువైపోతుంది. బంకుల్లో మీటర్లు ఒకదానికొకటి కలవవు, సొంతంగా ఒక గేజు కొనుక్కోండి, పప్పు డబ్బా ఖరీదులో అది ఏ మూలకీ రాదు. నెలకోసారి కాదు, లోడు వేసే ప్రతి పొద్దునా చూడండి, రెండు నిమిషాల పని.

వెనక కూర్చోవడం సంగతి టైరుతో తీరేది కాదు, స్ప్రింగులది. ఖాళీ బండిని చదును నేల మీద పెట్టి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి, ఎడమా కుడీ. లోడు వేసి మళ్లీ కొలవండి. ఖాళీలోనే ఎడమకీ కుడికీ తేడా ఉంటే ఒక స్ప్రింగు అలిసిపోయిందనో విరిగిందనో అర్థం. ఇన్నేళ్ల బండికి వెనక స్ప్రింగులు, షాకప్స్, బుష్‌లు ఒకసారి మార్చడం దండగ కాదు, ఆ డబ్బు ఎల్టీ టైర్ల మీద పెట్టే బదులు ఇక్కడ పెట్టండి. స్ప్రింగుల మధ్య రబ్బరు దిమ్మలు ఇరికించి ఎత్తు పెంచుతామని కొందరు అంటారు, అది చేయించకండి, పైకి లేచినట్టు కనపడుతుంది గానీ స్ప్రింగు పనిచేయడం మానేస్తుంది. డబ్బాలు సర్దేటప్పుడు కూడా బరువంతా డిక్కీ తలుపు దగ్గరకి కాకుండా ముందు సీట్ల వీపుకి ఆనించి, కింద వరసలు నిండాకే పైకి పేర్చండి, తాడుతో కట్టండి. బ్రేకు కొడితే 11 కిలోల డబ్బా తల వెనక్కి వస్తుంది, ఆ కుర్రాడి తల వెనక్కి కూడా.

ఇంకొకటి మీరు అడగలేదు, కానీ చెప్పకపోతే నాకు తప్పు చేసినట్టు ఉంటుంది. మీ ఇన్సూరెన్సు కాగితం తీసి 'వాడకానికి పరిమితులు' అన్న చోట చదవండి. ప్రైవేటు కారు పాలసీల్లో కిరాయికి తిప్పడం కవర్ కాదని, శాంపిళ్లు, సొంత లగేజీ తప్ప వేరే సరుకు రవాణా చేయడం కూడా కవర్ కాదని రాసి ఉంటుంది. 36 డబ్బాల పప్పుతో, అందులోనూ వేరే సైజు సరుకు బండి టైర్లతో ఉన్న కారు ప్రమాదంలో పడితే సర్వేయర్ మొదట రాసుకునేది అదే. మీ డబ్బా ధర మీకు తెలుసు, 36 డబ్బాల విలువ కారు విలువ కన్నా ఎక్కువే ఉండొచ్చు, అదీ ఏ పాలసీలోనూ లేకుండా రోడ్డు మీద వెళ్తోంది. మీ ఏజెంటుతో కాదు, కంపెనీకే రాసి అడిగి కాగితం మీద జవాబు తీసుకోండి.

నన్నడిగితే ఈ సీజన్‌కి ఇలా చేయండి. శ్రీకాకుళం లోడుని వారానికి రెండుసార్లు 36 కాకుండా మూడుసార్లు 24 చేసుకోండి, డబ్బాలు అవే 72, డీజిల్ కొంచెం ఎక్కువవుతుంది. విజయనగరం సరుకుకి మాత్రం నెలకి రెండుసార్లే కాబట్టి కాశీబుగ్గలో మీలాంటి వ్యాపారులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గూడ్స్ బండి మాట్లాడుకోండి. గంటస్తంభం చుట్టుపక్కల షాపులకి వేసేవాళ్లు మీరొక్కరే కాదు కదా, ముగ్గురి మీద కిరాయి పడితే ఎక్కువేం కాదు. నాన్నగారి కారు అంటే మీకు మమకారం ఉంటుంది, నాకు అర్థమవుతుంది. అలాంటి కారుని సరుకు బండిగా మార్చి అరగదీయడం కన్నా దాని లెక్కలో దాన్ని నడుపుకుంటే ఇంకొన్నాళ్లు మీతో ఉంటుంది.

కాటా చీటీలో వచ్చిన మూడు అంకెలూ, కొత్త టైరు మీద నంబరూ రాసి పంపండి, ఏ చక్రానికి ఎంత గాలో లెక్క కట్టి చెప్తాను. స్టెప్నీ మీద కూడా డీఓటీ అంకెలు చూడండి, అది బండితో వచ్చిన 2007 టైరే అయితే బటన్లు నిండుగా ఉన్నా నమ్మకండి, దాన్ని పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లడానికే వాడండి. ఆ ఉబ్బిన టైరుని మాత్రం కాటా దాకా కూడా తీసుకెళ్లకండి.